సరుకు చేరినట్లు సంతకమే సాక్ష్యం

ఇంటర్నెట్ ద్వారా అమ్మేవారికీ కొనేవారికీ ముఖపరిచయం ఉండదు. "వస్తువు నాకు అందలేదు" అని కొన్నవారు అన్నప్పుడు, అందినట్లు చూపించే భారం సాధారణంగా అమ్మినవారిపైనే పడుతుంది. బెంగళూరుకు పంపిన ధర్మవరం పట్టుచీర ఒక్కటి తప్పిపోయినా నేత కుటుంబానికి అనేక దినాల శ్రమ, పెట్టుబడి రెండూ నష్టమే. కావున విలువైన సరుకును గ్రహీత సంతకంపైననో, ఓటీపీపైననో అప్పగించే పద్ధతిలో పంపడం వివేకం.

2007లో బెంగళూరులో పుస్తకాల విక్రయంతో మొదలైన ఫ్లిప్‌కార్ట్ తన తొలి పుస్తకాన్ని మహబూబ్‌నగర్ వాసికి అమ్మింది. ఆనాడు నగరం నుండి సాగిన ఈ వ్యాపారం నేడు పల్లె నుండి నగరానికి కూడా సాగుతున్నది.

తపాలా శాఖ సేవలు

సంతకం తీసుకొని బట్వాడా చేయడానికి పూర్వం రిజిస్టర్డ్ పోస్టు ప్రసిద్ధి. 1986లో ఆరంభమైన స్పీడ్ పోస్టులో దానిని 2025లో విలీనం చేశారు. 2025 అక్టోబరు 1 నుండి అమలైన ధరల ప్రకారం స్పీడ్ పోస్టుకు రెండు అదనపు సేవలు కలవు. ఒక్కొక్క దానికి రుసుము రూ.5, జీఎస్టీ అదనం. పార్శిల్‌కు వర్తించే మొత్తాన్ని కౌంటరు వద్ద అడిగి తెలుసుకోవాలి.

రిజిస్ట్రేషన్: చిరునామాదారునికి, లేదా ఆయన అధికారమిచ్చిన వ్యక్తికి మాత్రమే అప్పగిస్తారు.

ఓటీపీ బట్వాడా: గ్రహీత మొబైల్‌కు వచ్చిన సంఖ్య సరిపోలిన పిమ్మటనే అప్పగిస్తారు.

బెంగళూరు అపార్టుమెంట్లలో పార్శిళ్లను గేటు వద్ద వాచ్‌మన్ తీసుకోవడం పరిపాటి. అక్కడి సంతకం ఎవరిదో తేలక తగవులు వస్తాయి. అటువంటి చిరునామాలకు పై సేవలు మిక్కిలి ఉపయోగకరం.

పంపేముందు పాటించవలసినవి

1. చిరునామాను ఆంగ్లంలో గాని కన్నడంలో గాని వ్రాయాలి. తెలుగు లిపిని అక్కడి బట్వాడా సిబ్బంది అందరూ చదవలేరు. బెంగళూరు పిన్‌కోడు 560తో మొదలవుతుంది. ఆరు అంకెలనూ సరిచూసుకోవాలి.

2. కొన్నవారి మొబైల్ సంఖ్యను తిరిగి అడిగి ధ్రువపరచుకోవాలి. అది తప్పైతే ఓటీపీ వారికి చేరదు.

3. వస్తువును, కట్టిన పార్శిల్‌ను ఫొటో తీసుకోవాలి. రసీదుపై బరువు సరిగా నమోదైనదో లేదో చూడాలి.

4. పదమూడు అక్షరాంకెల ట్రాకింగ్ సంఖ్యను అదే రోజు కొన్నవారికి పంపాలి. పార్శిల్ ఎదుటికి రానిదే ఓటీపీ ఎవరికీ చెప్పవద్దని తెలియజేయాలి. ఫోనులో ఓటీపీ అడిగేవారు మోసగాళ్లు కావచ్చు.

5. లావాదేవీ ముగిసే వరకు రసీదును భద్రపరచాలి.

సంతకానికీ హద్దులున్నవి

సంతకం పార్శిల్ చేరినదని మాత్రమే తెలుపుతుంది. లోపల ఏమున్నదో తెలుపదు. అందుకే ఫొటోలు, బరువు నమోదు అవసరం. అది పోయిన వస్తువుకు వెల కూడా చెల్లించదు. దానికి బీమా వేరుగా చేయించుకోవాలి. గ్రహీత ఇంట లేకపోతే బట్వాడా ఆలస్యం కావచ్చును గనుక, వారు ఇంటనుండే దినాలను ముందే విచారించడం మంచిది. తక్కువ వెల వస్తువులకు సాధారణ ట్రాకింగ్ చాలును. పోయినచో ఆ కుటుంబం భరించలేని ప్రతి వస్తువుకూ ఈ స్వల్ప రుసుము చెల్లించడమే మేలు.