బోదకాలు పురుగు నుంచి ఎండమచ్చ వరకు: క్వీన్స్‌లాండ్‌కు తరలిన బ్రిటిషువారి ఆరోగ్యచరిత్ర

కోస్తా జిల్లాలలో బోదకాలు అంటే ఏమిటో ఎవరికీ చెప్పనక్కరలేదు. ఆ వ్యాధిని కలిగించే సన్నని దారంవంటి పురుగు శాస్త్రీయనామం ఉకరేరియా బాంక్రాఫ్టై. ఈ పేరును వైద్యవిద్యార్థులందరూ వల్లె వేస్తారు గాని, అందులోని బాంక్రాఫ్ట్ ఎవరని అడిగితే జవాబు చెప్పగలిగేవారు అరుదు. చదువుకునే రోజులలో నాకూ తెలియదు. ఆయన ఇంగ్లండు వదలి ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌కు వలస వెళ్లిన వైద్యుడు. ఆ దారిని పట్టుకొని వెళితే వలస, ఆరోగ్యం అనే రెండింటి పెద్ద కథ కనిపించింది. చల్లని, మబ్బుపట్టిన దేశం నుంచి ఉపోష్ణమండలానికి తరలిన జనం దేనికి భయపడ్డారు, వాస్తవంగా దేనికి బలయ్యారు అన్నది ఆ కథలోని సారం.

జోసెఫ్ బాంక్రాఫ్ట్ 1836లో మాంచెస్టరు సమీపంలో జన్మించాడు. నాటింగ్‌హామ్‌లో వైద్యవృత్తి చేస్తూ, ఆరోగ్యం సరిగా లేక, వెచ్చని వాతావరణం మేలు చేస్తుందన్న ఆశతో 1864లో కుటుంబంతో సహా ఓడెక్కి బ్రిస్బేన్ చేరాడు. ఆనాడు అది చిన్న పట్టణం. అక్కడి రోగులలో రక్తంలో సూక్ష్మమైన ఫైలేరియా పిల్లపురుగులు కనిపించడం ఆయనను ఆకర్షించింది. పిల్లలుంటే తల్లి ఎక్కడో ఉండాలి కదా అని వెదకి, 1876 డిసెంబరులో ఒక రోగి చేతిమీది గడ్డలో చచ్చిన పెద్దపురుగును కనుగొన్నాడు. మరుసటి సంవత్సరం లండన్‌లో కాబ్బోల్డ్ అనే పరాన్నజీవి శాస్త్రజ్ఞుడు దానికి ఆయన పేరు పెట్టాడు. దోమలకు ఈ వ్యాధితో సంబంధం ఉండవచ్చునని కూడా బాంక్రాఫ్ట్ అనుమానించాడు.

ఆయన కుమారుడు థామస్ లేన్ బాంక్రాఫ్ట్ తండ్రి పనిని కొనసాగించాడు. అప్పట్లో పెద్దల అభిప్రాయం ఏమిటంటే, దోమ నీటిలో పడి చస్తుందనీ, ఆ నీరు తాగిన మనిషికి వ్యాధి వస్తుందనీ. థామస్ బ్రిస్బేన్‌లో పెంచి లండన్‌కు పంపిన దోమలను 1900లో జార్జి లో అనే వైద్యుడు కోసి చూస్తే, పురుగులు దోమ తొండంలోనే బారులు తీరి ఉన్నాయి. వ్యాధి కుట్టడం వల్లనే వస్తుందని తేలింది. మన ఊళ్లలో ఫైలేరియా నివారణకు దోమల మీద పోరు సాగించడానికి ఆధారం ఆ తొండంలోని పురుగులే. 1906లో ఇదే థామస్ డెంగీ జ్వరాన్ని వ్యాపింపజేసేది ఈడిస్ ఈజిప్టై దోమ అని చెప్పడానికి తొలి సాక్ష్యాలను చూపాడు. క్వీన్స్‌లాండ్ ఇళ్లలో వాననీటిని పట్టడానికి పెద్ద రేకు తొట్లు ఉండేవి. దాహం తీర్చే ఆ తొట్లే డెంగీ దోమకు పుట్టినిళ్లు. 1905లోను, 1925-26లోను అక్కడ డెంగీ పెద్దయెత్తున చెలరేగింది.

కాని ఇదంతా తర్వాతి మాట. తొలి వలసకారులకు మృత్యువు క్వీన్స్‌లాండ్ నేలమీద ఎదురుకాలేదు; వారితోపాటే ఓడలో వచ్చింది. 1849 జనవరిలో ఫార్టిట్యూడ్ అనే ఓడ మోర్టన్ అఖాతంలోకి ప్రవేశించింది. జాన్ డన్‌మోర్ లాంగ్ అనే మతబోధకుడు కూడగట్టి పంపిన బ్రిటిషు కుటుంబాలు అందులో ఉన్నాయి. ఓడలో జ్వరం ఉన్నదని వారిని కొంతకాలం క్వారంటైన్‌లో ఉంచారు. నేటి బ్రిస్బేన్‌లోని ఫార్టిట్యూడ్ వ్యాలీ అనే పేటకు ఆ ఓడ పేరే మిగిలింది. మరుసటి ఏడాది వచ్చిన ఎమిగ్రెంట్ అనే ఓడలో టైఫస్ జ్వరం ఉంది. ఇది పేల ద్వారా వ్యాపించేది. ఇరుకైన ఓడ అడుగుభాగంలో నెలల తరబడి స్నానం లేక, బట్టలు మార్చక ఉన్నవారిలో కార్చిచ్చులా పాకేది. ప్రయాణికులను స్ట్రాడ్‌బ్రోక్ ద్వీపంలోని డన్‌విచ్ క్వారంటైన్ కేంద్రానికి తరలించారు. ఓడ వైద్యుడు మిచెల్ మరణించాడు. ఆయనకు సాయంగా బ్రిస్బేన్ నుంచి వెళ్లిన డాక్టర్ డేవిడ్ బాలో కూడా ఆ జ్వరంతోనే అక్కడ కన్నుమూశాడు. వలసల చరిత్రలో ఇటువంటి వైద్యుల పేర్లు ఒక పంక్తిలో ముగిసిపోతాయి. నేను ఈ వ్యాసంలో ఇద్దరి పేర్లూ రాయాలనుకున్నది అందుకే.

1859లో క్వీన్స్‌లాండ్ ప్రత్యేక వలసరాజ్యమైంది. 1861 నాటికి జనాభా ముప్ఫై వేలు మాత్రమే. జనం కావాలి. లండన్‌లో కూర్చుని వలసకారులను ఆహ్వానించే బాధ్యతను హెన్రీ జోర్డన్ అనే దంతవైద్యునికి అప్పగించారు. ఊరూరా ఉపన్యాసాలు, కరపత్రాలు, సొంత ఖర్చుతో వచ్చినవారికి భూమి హామీపత్రాలు. ఎండ వల్ల చర్మానికి ముప్పు ఉంటుందన్న ఆలోచన ఆనాటి వైద్యానికి ఇంకా లేదు. కాబట్టి వచ్చినవారు తమకు అలవాటైన నల్లకోట్లు, ఉన్ని బట్టలతోనే వచ్చారు.

వారు కట్టుకున్న ఇళ్లు మాత్రం తెలివైనవే. నేలకు ఎత్తుగా కర్రస్తంభాల మీద నిలబెట్టిన చెక్క ఇల్లు, చెదలు ఎక్కకుండా స్తంభాల తలలపై లోహపు టోపీలు, కిందినుంచి గాలి, చుట్టూ వెడల్పాటి వరండా. పిల్లల ఆటపాటలన్నీ వరండాలోనే. వరండా చుట్టూ కటాంజనం, దానికి తెల్లని రంగు. ఆ రంగులో సీసం.

ఇక్కడ కాస్త ఆగాలి. 1889 నుంచి బ్రిస్బేన్ పిల్లల ఆసుపత్రిలో పనిచేసిన ఆల్‌ఫ్రెడ్ జెఫరిస్ టర్నర్ లండన్‌లో చదివి వచ్చిన యువ వైద్యుడు. ఆయన వద్దకు కడుపునొప్పి, మలబద్ధకం, మణికట్టు, పాదం వాలిపోవడం వంటి లక్షణాలతో పిల్లలు వస్తున్నారు. ఇవి సీసపు విషానికి గుర్తులు. రంగులు వేసే కార్మికులలో కనిపించేవి. పసిపిల్లలలో ఎందుకు? 1892లో ఆయన, సహచరులు ఈ కేసులను వైద్యసభ ముందుంచారు. విషం ఎక్కడినుంచి వస్తున్నదో మాత్రం అంతుపట్టలేదు. నీటితొట్ల మీద అనుమానం, బొమ్మల మీద అనుమానం. నేత్రవైద్యుడు జాన్ లాక్‌హార్ట్ గిబ్సన్ చూపు మందగించి, మెల్లకన్నుతో వచ్చే పిల్లలను పరీక్షిస్తూ అదే ప్రశ్నను వెంబడించాడు. 1904లో ఆయన జవాబు ప్రకటించాడు: నేరస్తుడు ఇంటి కటాంజనమే. క్వీన్స్‌లాండ్ ఎండకు రంగు పొడిబారి, సున్నంలా చేతికి అంటుకుంటుంది. చెమటపట్టిన చేతులతో పిల్లలు కమ్మీలు పట్టుకుంటారు. ఆ వేళ్లు నోట్లో పెట్టుకుంటారు, గోళ్లు కొరుకుతారు. ఇంగ్లండులో మంచి రంగు అనిపించుకున్నది ఇక్కడి ఎండలో విషపుపొడి అయింది.

ఈ నిదానం సరైనదే అయినా వెంటనే అంగీకారం దొరకలేదు. రంగుల వ్యాపారం ఉంది, అలవాటు ఉంది, 'మా ఇంట్లో అటువంటిదేమీ లేదు' అనే తల్లిదండ్రుల గర్వమూ ఉంది. పిల్లల చేతికి అందే చోట సీసపు రంగును నిషేధిస్తూ క్వీన్స్‌లాండ్ చట్టం చేసినది 1922లో. అంటే గిబ్సన్ చెప్పిన పద్దెనిమిదేళ్లకు. అంతలో ఒక తరం పెరిగింది. యువకులు కూడా మూత్రపిండాలు చెడి చనిపోవడం ఆ ప్రాంతంలో ఎందుకు అంత ఎక్కువ అని 1920ల చివర జార్విస్ నై అనే వైద్యుడు ఆరా తీస్తే, దారి మళ్లీ ఆ వరండాలకే చేరింది. మన దేశంలో ఇంటి రంగులలో సీసాన్ని పది లక్షల పాళ్లలో 90కి మించరాదని నిర్దేశించిన నియమాలు 2016లో వచ్చాయి. అంతకుముందు వేసిన రంగులు పాత కిటికీలకు, తలుపులకు ఇంకా ఉన్నాయి. వాటిని పొడిగా గీకించేటప్పుడు పసిపిల్లలను ఇంట్లో ఉంచకండి.

కన్నబిడ్డల చేతులకు అంటిన విషం ఇలా ఉండగా, ఆనాటి పండితులను వేధించిన ప్రశ్న వేరు: తెల్లజాతివాడు ఉష్ణమండలంలో శ్రమ చేసి బతకగలడా? లేడన్న నమ్మకంతో 1863 నుంచి పసిఫిక్ ద్వీపవాసులను ఒప్పందకూలీలుగా తెచ్చి చెరకుతోటలలో దించారు. కొందరిని మోసంతో, బలవంతంతో తెచ్చారు. వారిలో మరణాల రేటు తెల్లవారికంటే ఎంతో ఎక్కువగా ఉండేది. ఉష్ణమండలం ఎవరికి సరిపడదని సిద్ధాంతం చెప్పిందో వారికంటే, ఎవరికి సరిపడుతుందని చెప్పిందో వారే అధికంగా చనిపోయారు. తర్వాత 'శ్వేత ఆస్ట్రేలియా' విధానం వచ్చి, 1901 నాటి చట్టంతో వారిలో చాలామందిని తిప్పి పంపేశారు. అప్పుడు తెల్లవాడు అక్కడ బతకగలడని నిరూపించే అవసరం పడింది. 1910లో టౌన్స్‌విల్‌లో ఉష్ణమండల వైద్యసంస్థ ఏర్పడి, ఆంటన్ బ్రైన్ల్ నాయకత్వంలో శ్వేతజాతి కార్మికుల ఆరోగ్యాన్ని పరిశీలించింది. 1920లో బ్రిస్బేన్‌లో జరిగిన వైద్యమహాసభ, శాశ్వత నివాసానికి అధిగమించలేని ఆటంకమేదీ లేదని తేల్చింది. వేడికి జాతి క్షీణిస్తుందా అన్న ఆందోళనలో ఇంత శ్రమ వెచ్చించినవారికి, అదే సూర్యుడు చర్మం మీద నెమ్మదిగా రాస్తున్న లెక్క పెద్దగా పట్టలేదు.

ఆ లెక్క రెండవ ప్రపంచయుద్ధం తర్వాత బయటపడింది. పెద్దవారికి పది పౌన్లు కడితే చాలు, పిల్లలకు ఉచితం అన్న పథకం కింద పది లక్షలకు పైగా బ్రిటిషువారు ఆస్ట్రేలియాకు తరలారు. బీ జీస్ సంగీతబృందంగా ప్రసిద్ధులైన గిబ్ సోదరుల కుటుంబం 1958లో వచ్చి బ్రిస్బేన్ పక్కనున్న రెడ్‌క్లిఫ్‌లో స్థిరపడింది. తెల్లని ఇసుక, నీలిసముద్రం, క్రిస్మసు నాడు మండువేసవి.

బ్రిస్బేన్ వేసవి మనకు వేసవిలాగే ఉండదు. విజయవాడ మే నెలతో పోలిస్తే 30 డిగ్రీల ఉష్ణోగ్రత హాయి. చిక్కంతా అక్కడే ఉంది. ఒంటికి తెలిసేది వేడి. చర్మాన్ని దెబ్బతీసేది అతినీలలోహిత కిరణాలు. ఇవి రెండూ ఒకటి కావు. లండన్‌లో జూన్ మధ్యాహ్నం కూడా సూర్యుడు ఆకాశంలో 62 డిగ్రీల ఎత్తుకు మించడు; బ్రిస్బేన్‌లో డిసెంబరు మధ్యాహ్నం దాదాపు నడినెత్తిన ఉంటాడు. పైగా భూమి సూర్యునికి అతిదగ్గరగా వచ్చేది జనవరి మొదట్లో, అంటే దక్షిణార్ధగోళపు వేసవిలోనే. చల్లని సముద్రపుగాలి వీస్తున్నా, పలుచని మబ్బున్నా కిరణాలు ఆగవు. ఓజోన్ రంధ్రమే దీనికంతటికీ కారణమని మనవారిలో ఒక నమ్మకం ఉంది. ఆ రంధ్రాన్ని గుర్తించినది 1985లో. క్వీన్స్‌లాండ్‌లో చర్మక్యాన్సరు అంతకు దశాబ్దాల ముందునుంచే ఉంది. మెలనిన్ తక్కువగా ఉన్న చర్మం, తలపైనున్న సూర్యుడు, ఆరుబయట జీవితం: ఈ మూడూ కలిస్తే చాలు.

1956లో లాంకాస్టర్ అనే ఆస్ట్రేలియా గణాంకవేత్త, తెల్లవారిలో మెలనోమా మరణాలు భూమధ్యరేఖ వైపు వెళ్లేకొద్దీ పెరుగుతాయని చూపాడు. 1963లో నెవిల్ డేవిస్ అనే శస్త్రవైద్యుడు, సహచరులు క్వీన్స్‌లాండ్ మెలనోమా ప్రాజెక్టును ప్రారంభించి, మచ్చను తొలిదశలోనే గుర్తించి తీసివేస్తే ప్రాణం దక్కుతుందని ప్రజలకు, వైద్యులకు నేర్పారు. వలసల విషయంలో నాకు అన్నింటికంటే ముఖ్యమనిపించినది 1980లలో పశ్చిమ ఆస్ట్రేలియా పరిశోధకులు చెప్పిన సంగతి. పదేళ్లలోపు వయసులో వలస వచ్చినవారికి మెలనోమా ముప్పు అక్కడ పుట్టినవారితో దాదాపు సమానం. పదిహేనేళ్లు దాటాక వచ్చినవారికి బాగా తక్కువ. అదే ఓడ, అదే ఇల్లు, అదే ఎండ. తండ్రికి ఒక భవిష్యత్తు, ఒళ్లో కూర్చున్న బిడ్డకు మరొకటి. మంచి జీవితం ఇద్దామని తెచ్చిన బిడ్డలే ఎక్కువ మూల్యం చెల్లించారు.

1981లో విక్టోరియా రాష్ట్రపు క్యాన్సరు మండలి టెలివిజన్‌లో ఒక కార్టూన్ సముద్రపక్షిని ప్రవేశపెట్టింది. చొక్కా తొడుక్కో, లేపనం రాసుకో, టోపీ పెట్టుకో అని అది పాడుతూ ఆడింది. దేశమంతా ఆ పాట నేర్చింది. టోపీ లేని పిల్లవానికి బడిలో ఎండలో ఆట లేదన్న నియమం క్రమంగా వచ్చింది. ఇక లేపనం నిజంగా పనిచేస్తుందా? బ్రిస్బేన్‌కు ఉత్తరాన, సన్‌షైన్ కోస్ట్ ప్రాంతంలోని నాంబోర్ అనే ఊరిలో 1992 నుంచి 1996 వరకు 1,621 మంది పెద్దలపై పరీక్ష జరిపారు. సగం మంది రోజూ తప్పక రాసుకున్నారు; మిగిలినవారు తమ ఇష్టప్రకారం. రోజూ రాసినవారిలో స్క్వేమస్ కణ క్యాన్సరు సుమారు 40 శాతం తగ్గింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి గమనిస్తే మెలనోమాలు సగానికి తగ్గాయి.

ఇప్పుడు బ్రిటన్ నుంచి ఆ ప్రాంతానికి వెళ్లే కుటుంబానికి ఒక వైద్యుడు ఏమి చెప్పాలి? ఉష్ణోగ్రతను చూడవద్దు, అతినీలలోహిత సూచికను చూడమనాలి. అది 3 దాటితే రక్షణ అవసరం. బ్రిస్బేన్‌లో చలికాలపు మధ్యాహ్నం కూడా అది 3 దాటుతుంది. వెడల్పు అంచు టోపీ, మెడ కప్పే చొక్కా, బయటికి వెళ్లే ఇరవై నిమిషాల ముందు లేపనం, రెండు గంటలకొకసారి మళ్లీ. పాత చెక్క ఇల్లు కొంటే రంగును పరీక్షింపజేయాలి. కుండీల అడుగున, తొట్లలో నీరు నిలవకుండా చూడాలి. ఏడాదికొకసారి ఒళ్లంతా వైద్యునికి చూపించాలి. ఆకారం, అంచు, రంగు, పరిమాణం మారుతున్న మచ్చను మాత్రం ఏడాది ఆగకుండా చూపించాలి.

బ్రిస్బేన్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ సలహాలన్నీ యథాతథంగా వర్తించవు. మన చర్మంలోని మెలనిన్ చాలావరకు కాపాడుతుంది; అక్కడి భయంతో పూర్తిగా ఎండ మానేస్తే డి విటమిన్ లోపం వస్తుంది. అయితే మనవంటి చర్మం గలవారిలో మెలనోమా వస్తే అరికాలిలోనో, అరచేతిలోనో, గోటికిందనో వస్తుంది. ఎండ తగలని చోట కనుక ఎవరూ అక్కడ చూడరు. స్నానం చేసేటప్పుడు పాదాన్ని తిప్పి ఒకసారి అరికాలు చూసుకోండి.