లోపమున్న మరమగ్గం: షోలాపూర్ నేతకారుల చట్టపరమైన హక్కులు

వస్తువులోని లోపం వల్ల ఎవరికైనా హాని జరిగితే తయారీదారు, విక్రేత పరిహారం చెల్లించవలసిన బాధ్యతను ఉత్పత్తి బాధ్యత అంటారు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 82 నుంచి 87 వరకు సెక్షన్లు దీనికి ఆధారం. ఇవి 2020 జులై 20న అమల్లోకి వచ్చాయి. తెలంగాణ నుంచి వలస వెళ్లిన పద్మశాలీలు చద్దర్లు, తువ్వాళ్లు నేసే షోలాపూర్‌లో, గాయపడిన నేతకారుడు ఎక్కడికి వెళ్లాలన్నది మగ్గం ఎవరిదన్న దాన్నిబట్టి తేలుతుంది.

నేపథ్యం

ఉత్పత్తి బాధ్యత సూత్రం నిలదొక్కుకున్న కేసూ ఒక నేతగాళ్ల ఊళ్లోనే మొదలైంది. 1928లో, శాలువలకు పేరుపొందిన స్కాట్లాండ్ పట్టణం పేస్లీలో, మే డోనోహ్యూ అనే మహిళ స్నేహితురాలు కొనిపెట్టిన పానీయం తాగింది. సీసాలో కుళ్లిన నత్త ఉందని, తాను జబ్బుపడ్డానని దావా వేసింది. డబ్బిచ్చి కొన్నది ఆమె కాకపోయినా, వాడేవారిపట్ల తయారీదారుకు బాధ్యత ఉంటుందని 1932లో హౌస్ ఆఫ్ లార్డ్స్ తీర్పిచ్చింది.

సొంత మగ్గం

2019 చట్టం ప్రకారం, వ్యాపారం కోసం కొన్నవారు వినియోగదారులు కారు. స్వయం ఉపాధితో బతకడానికే కొని, తామే వాడేవారికి మాత్రం మినహాయింపు ఉంది. నడపడానికి ఒకరిద్దరి సాయం తీసుకున్నంత మాత్రాన ఆ హోదా పోదని లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో 1995లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కాబట్టి ఇంట్లో ఒకటి రెండు మగ్గాలు పెట్టుకుని నేసుకునేవారు వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. గాయానికి, ఆస్తి నష్టానికి, గాయంతో కలిగిన మానసిక వేదనకు పరిహారం అడగవచ్చు. చెడిన యంత్రానికి, వ్యాపార నష్టానికి ఈ సెక్షన్ల కింద పరిహారం రాదు.

కూలి మగ్గం

యజమాని వ్యాపారానికి కొన్న మగ్గంపై కూలికి నేసేవారికి ఈ దారి సాధారణంగా మూసుకుపోతుంది. వారికి 1923 నాటి కార్మికుల పరిహార చట్టం రక్షణగా నిలిచింది. దాన్ని 2020 సామాజిక భద్రతా కోడ్‌లో విలీనం చేశారు. పనిలో గాయమైతే యజమాని తప్పు నిరూపించకుండానే పరిహారం పొందవచ్చు. ఈఎస్‌ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) వర్తించేచోట ప్రయోజనాలు అక్కడినుంచే అందుతాయి. తయారీదారు నిర్లక్ష్యంపై సివిల్ కోర్టులో వేరుగా దావా వేయవచ్చు.

ఫిర్యాదు

సొంత మగ్గంపై నేసుకునేవారు ఘటన జరిగిన రెండేళ్లలోగా, తాము నివసించే లేదా పనిచేసే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. న్యాయవాది తప్పనిసరి కాదు. వస్తువుకు చెల్లించిన ధర 5 లక్షల రూపాయల లోపు ఉంటే రుసుము లేదు. విరిగిన భాగం, కొనుగోలు రసీదు, వైద్య పత్రాలు కీలక సాక్ష్యాలు. మగ్గం మళ్లీ ఆడాలన్న తొందరలో విరిగిన భాగాన్ని పాత ఇనుముకు వేస్తే, లోపాన్ని నిరూపించడం చాలా కష్టమవుతుంది.