కల్లుకుండలో చేరిన నిద్రమందు



మనుజుని శ్రేయస్సునుండి దూరముగ విసరివైచునది యని వ్యసనశబ్దమునకు ప్రాచీనులు వ్యుత్పత్తి చెప్పిరి. సప్తవ్యసనములలో పానము నొకటిగ లెక్కించిరి. కాని నిజాంసాగర్, బాన్సువాడ ప్రాంతముల వారు చూచిన వ్యసనము వట్టి పానమువలన పుట్టినది కాదు. పానములో దొంగతనముగ చేరిన మందువలన పుట్టినది. నేడు దాని చరిత్రమును విన్నవించెదను.

మంజీరపై నిజాంసాగర్ ఆనకట్ట పని 1923లో ఆరంభమై 1931లో ముగిసెను. కాలువల వెంట వరియు చెరకును విస్తరించెను. పగలెల్ల బురదలో వంగి నాట్లు వేసిన కూలికి సాయంకాలమున కల్లే విశ్రాంతి. ఈతకల్లు గాని తాటికల్లు గాని చెట్టునుండి దింపినది మొదలు పులియుచునే యుండి, మరునాటికి నోట పెట్టరానంత పులుపెక్కును. కావున నిజమైన కల్లు దూరము పోజాలదు, నిలువ నుండజాలదు. చెట్లిచ్చుదానికంటె గిరాకి మించినచోట కొందఱు వ్యాపారులు నీళ్లు, శాకరిన్, మత్తుమందులు కలిపి ఆ కొఱత తీర్చిరి. మోకు కట్టి చెట్టెక్కు గీతకార్మికునిపై ఈ నేరము మోపుట అన్యాయమని నా తలంపు.

ఆ మందులకును చరిత్ర కలదు. క్లోరల్ హైడ్రేటును 1832లో జర్మను రసాయనవేత్త లీబిగ్ తయారుచేసెను. 1869లో లీబ్రైఖ్ దానిని నిద్రమందుగ వైద్యమున ప్రవేశపెట్టెను. డయాజిపామ్ 1963లోను, ఆల్ప్రజోలం 1981లోను అమెరికాలో అమ్మకమునకు వచ్చెను. వైద్యుడు కొలిచి యియ్యవలసిన యీ మందులు కుండలో కొలత లేక పడినవి.

2015 సెప్టెంబరులో ప్రభుత్వము కల్తీకల్లుపై దాడులు ముమ్మరము చేసెను. అంతట నిజామాబాదు, మహబూబ్‌నగర్ జిల్లాలలో వింత జరిగెను. కల్లు త్రాగి గాక, ఆ కల్లు దొరకక జనులు ఆసుపత్రుల పాలైరి. చేతుల వణకు, నిద్రలేమి, మూర్ఛలు, ఎదుట లేనివారితో మాటలు; కొందఱు మరణించిరి. ఇట్టివానిని చూచి గాలి సోకినదనుట, బుద్ధి లేనివాడనుట మన యూళ్ల అలవాటు. రెండును కావు. మెదడునకు తన్ను తాను శాంతపఱచుకొను శక్తి సహజముగ కలదు. పాలేరును పెట్టుకొన్న గృహస్థు క్రమముగ తన పని మానుకొన్నట్లు, మందు నిత్యము వచ్చుచుండ మెదడు ఆ పని తగ్గించుకొనును. పాలేరు ఒక్కనాడు చెప్పకుండ పోయిన ఇల్లేమగును?

మందు మితిమీరినను ముప్పే. 2025 ఏప్రిల్‌లో నసురుల్లాబాద్ మండలమున కల్తీకల్లు త్రాగి అస్వస్థులైన పలువురిని బాన్సువాడ ఆసుపత్రికి చేర్చిరి.

కావున ఇట్టి కల్లునకు అలవడినవానిని గదిలో పెట్టి తాళము వేయుట, ఒట్టు పెట్టించి ఒక్కనాట మాన్పించుట ప్రాణాపాయము. వైద్యులు అదే జాతి మందును కొలతతో నిచ్చి, కొన్ని వారములపాటు కొంచెము కొంచెముగ తగ్గింతురు. మూర్ఛ రాకుండ కాచెదరు. ఆసుపత్రి దూరమైనవారు వ్యసనవిముక్తికై 14446 సంఖ్యకు రుసుము లేకయే ఫోను చేసి సలహా పొందవచ్చును. మందు తగ్గించుచున్న దినములలో రోగికి నిద్ర సరిగ పట్టదు, చీటికి మాటికి కోపము వచ్చును. చికిత్స పనిచేయలేదని ఇంటివారు అప్పుడే రోగిని వెనుకకు కొనివచ్చుచుందురు. మెదడు మానిన పనిని మరల నేర్చుకొనుచున్న కాలమది.