తుపాకీ పట్టని బొలీవియా, తగరం తవ్విన ఆదివాసీలు



రెండో ప్రపంచ యుద్ధం పాఠంలో మా నోట్సులో బొలీవియాకి ఒక్కటే లైన్ ఉంది. 1943లో మిత్రరాజ్యాల పక్షాన యుద్ధం ప్రకటించింది, అంతే. పరీక్షకి అది చాలు. కానీ దక్షిణ అమెరికాలోని ఆ దేశంలో అప్పుడు ఎక్కువమంది కెచువా, ఐమారా ఆదివాసీలే అని తెలిశాక నాకు ఊరుకోబుద్ధి కాలేదు.

బొలీవియా ఆ యుద్ధానికి సైన్యం పంపలేదు. పంపే స్థితిలో కూడా లేదు. 1932 నుంచి 1935 దాకా పరాగ్వేతో చాకో యుద్ధం చేసి ఓడిపోయింది. అందులో ప్రాణాలు పోగొట్టుకున్నదీ ఎక్కువగా ఆదివాసీ కుర్రాళ్ళే. అయితే దాని కొండల్లో తగరం ఉంది. 1942 మొదట్లో మలయా, డచ్ ఈస్టిండీస్ జపాన్ చేతిలో పడ్డాయి. అంతకుముందు తగరం ఎక్కువగా అక్కడి నుంచే వచ్చేది. సైనికుల తిండి డబ్బాల పూతకి, రేడియో తీగల అతుకులకి, ఇంజిన్ బేరింగులకి అది లేకపోతే పని జరగదు. ఇంకేముంది, అమెరికాకి బొలీవియా ముఖ్యమైపోయింది.

గనులు మాత్రం ముగ్గురు దొరల చేతిలో ఉండేవి: పటీన్యో, హాక్‌షీల్డ్, అరమాయో. లోపల దుమ్ము పీల్చి ఊపిరితిత్తులు పాడయ్యేది కార్మికులకి. పొటోసి ప్రాంతంలోని కటావిలో పటీన్యో గని కార్మికులు 1942 డిసెంబర్లో కూలి పెంచమని సమ్మె చేశారు. యుద్ధానికి తగరం కావాలి, పని ఆగకూడదు అని అధ్యక్షుడు పెన్యరాండా ప్రభుత్వం సైన్యాన్ని దింపింది. డిసెంబర్ 21న ఆడవాళ్ళు, పిల్లలతో సహా వేలమంది కంపెనీ ఆఫీసు వైపు నడిచారు. సైన్యం కాల్చింది. జెండా పట్టుకుని ముందు నడిచిన మరియా బర్జోలా అక్కడే చనిపోయింది. ప్రభుత్వం ఇరవై మంది దాకా పోయారంది. కార్మికులు వందల్లో అన్నారు. ఎవరి లెక్క నమ్మాలో మన పెద్దలనడిగితే చెప్తారు.

బొలీవియా యుద్ధం ప్రకటించింది 1943 ఏప్రిల్ 7న. అంటే మూడున్నర నెలల ముందే ఆ యుద్ధం పేరు చెప్పి సొంత జనాన్ని చంపేసింది. "పరిమిత పాత్ర" అని రాసేవాళ్ళు దీన్ని ఎక్కడ లెక్కేస్తారో నాకు అర్థం కాదు.

ఈ కాల్పుల మచ్చ పెన్యరాండాని వదల్లేదు. 1943 డిసెంబర్లో విల్యరోయెల్ అనే మేజర్ అతన్ని దించేశాడు. 1944లో గని కార్మికుల సమాఖ్య పుట్టింది. 1945 మే నెలలో లాపాజ్‌లో ఆదివాసీల మహాసభ జరిగింది. మనం వెట్టి అంటామే, దాన్ని వాళ్ళు పొంగెయాహే అంటారు, దాన్ని రద్దు చేస్తూ ఆదేశం ఇచ్చారు. భూస్వాములు ఖాతరు చెయ్యలేదు. మరుసటి ఏడాది జనం మూక విల్యరోయెల్‌ని చంపి వీధి దీపం స్తంభానికి వేలాడదీసింది. దొరల గనులు ప్రభుత్వపరం అయ్యిందీ, చదువు రానివాళ్ళకి ఓటు వచ్చిందీ 1952లోనే.

కాల్పులు జరిగిన ఆ మైదానాన్ని ఇప్పుడు మరియా బర్జోలా పేరుతోనే పిలుస్తారు. డిసెంబర్ 21 అక్కడ గని కార్మికుల దినం.