బావి సిమెంటింగ్‌లో ద్రవాల స్థానభ్రంశం

చమురు, సహజవాయు బావిలో దించిన ఉక్కు కేసింగ్‌కూ చుట్టూ ఉన్న రాతిగోడకూ మధ్య వలయాకారపు ఖాళీ ఉంటుంది. అందులోని డ్రిల్లింగ్ మడ్‌ను, అంటే బావి తవ్వకంలో వాడిన బురదలాంటి ద్రవాన్ని, తోసివేసి సిమెంటు నింపే ప్రక్రియే బావి సిమెంటింగ్. మొదట స్పేసర్ అనే ద్రవాన్ని, వెనకే సిమెంటు స్లర్రీని కేసింగ్ గుండా పంపుతారు. అవి అడుగున మళ్లి, వెలుపలి ఖాళీలో పైకెక్కుతాయి. సాధారణంగా వెనక వచ్చే ద్రవం ముందున్నదాని కంటే బరువుగా ఉండాలి. మరీ బరువైతే రాయి చిట్లుతుంది.

చిక్కంతా కేసింగ్ నడిమధ్యన నిలవకపోవడంలోనే ఉంది. అది పక్కకు ఒరిగితే వెడల్పు వైపు ద్రవం పరుగెడుతుంది, ఇరుకు వైపు మడ్ కదలకుండా ఉండిపోతుంది. ఎందుకంటే తగినంత ఒత్తిడి పడితే తప్ప మడ్ ప్రవహించదు. అలా మిగిలిన మడ్ పట్టీయే తర్వాత వాయువు పైకి పాకే దారి కావచ్చు. 1967లో మెక్లీన్, మాన్రీ, విటేకర్ ఈ సమస్యను ప్రయోగాలతో వివరించారు. కేసింగ్‌ను తిప్పడం మేలు చేస్తుందని చూపారు. 2002లో బిటిల్‌స్టన్, ఫెర్గూసన్, ఫ్రిగార్డ్ వలయాన్ని విప్పి పరిచిన సన్నని చీలికగా ఊహించి గణిత నమూనా రూపొందించారు. ఈ రంగంలో అది గొప్ప ముందడుగు.

కేసింగ్‌ను మధ్యన నిలిపేవి సెంట్రలైజర్లు. మెక్సికో సింధుశాఖలోని మకోండో బావికి 21 సూచించగా 6 మాత్రమే వాడారు. తర్వాత అక్కడ జరిగిన ప్రమాదానికి ఆ లోటే కారణమని తేలలేదు. కానీ అడుగున వేసిన సిమెంటు చమురును, వాయువును ఆపలేకపోయింది. 2010 ఏప్రిల్ 20 నాటి పేలుడులో 11 మంది కార్మికులు చనిపోయారు.