దొర బంగళాలో ఎవరి కథ ఆడాలి?

పాత కాలపు ఇంటిని జనానికి తెరిచి, ఆ కాలపు బట్టలు కట్టిన మనుషులతో అప్పటి వంటను, కొలువును, విందును కళ్లముందు ఆడించి చూపడం పడమటి దేశాల్లో నూరేళ్లు దాటిన అలవాటు. 1891లో ఆర్తూర్ హాజేలియస్ స్టాక్‌హోమ్‌లో స్కాన్సెన్ నెలకొల్పాడు. పల్లెల నుంచి పాత ఇళ్లను విప్పి తెచ్చి, అక్కడ మళ్లీ నిలబెట్టి, వాటిలో పాత పనులు చేసే మనుషులను ఉంచాడు. అమెరికాలోని విలియమ్స్‌బర్గ్ పట్టణాన్ని 1926 నుంచి రాక్‌ఫెల్లర్ సొమ్ముతో పద్దెనిమిదో శతాబ్దపు రూపానికి తెచ్చారు. ఆ శతాబ్దంలో ఊరి జనాభాలో సగం మంది నల్లవారే. అయినా వారి బతుకును వేషం కట్టి చూపడం 1979లో గానీ మొదలు కాలేదు. 1994లో బానిసల వేలాన్ని ఆడి చూపితే నిరసనలు వచ్చాయి. యజమాని కథ ముందు, పనివాళ్ల కథ యాభై ఏళ్ల తరువాత. ఇలాంటి ప్రయత్నం ఎక్కడ జరిగినా మొదట చూడవలసింది ఈ వరుసనే.

జరిగిన కథను ఊరంతా కలిసి మళ్లీ నడిపించడం తెలుగువాళ్లు ఎవరి దగ్గరా నేర్చుకోనక్కర్లేదు. పల్నాడులోని కారంపూడిలో కార్తీక అమావాస్య నుంచి అయిదు రోజులు రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు జరుగుతాయి. పన్నెండో శతాబ్దపు యుద్ధాన్ని ఘట్టం వెంట ఘట్టంగా నడుపుతారు. వీరాచారం పాటించే కుటుంబాలవారు ఆయుధాలు పట్టుకుని వీర్లగుడికి వస్తారు. మందపోరు నాడు చాపల మీద అన్నం రాశిగా పోసి, కులభేదం లేకుండా అందరూ అక్కడే తింటారు. బ్రహ్మనాయుడి చాపకూడును పుస్తకంలో చదవడం వేరు, ఆ చాప పక్కన కూర్చుని ముద్ద కలపడం వేరు. చరిత్ర ఒంటికి ఎక్కేది అక్కడే.

మన దగ్గర వలస కాలపు ఇల్లంటే ముందు గుర్తొచ్చేది హైదరాబాద్ కోఠి రెసిడెన్సీ. పందొమ్మిదో శతాబ్దం తొలి ఏళ్లలో, జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ నిజాం కొలువులో బ్రిటిష్ రెసిడెంటుగా ఉండగా, శామ్యూల్ రస్సెల్ గీసిన నమూనాతో, నిజాం సొమ్ముతో లేచింది. 1949లో అక్కడికి ఆడపిల్లల కళాశాల వచ్చింది, 2022లో అది మహిళా విశ్వవిద్యాలయమైంది. కిర్క్‌పాట్రిక్‌కూ హైదరాబాద్ గొప్పింటి అమ్మాయి ఖైరున్నీసాకూ నడిచిన ప్రేమకథను వినని సందర్శకుడు ఉండడు. పరదా దాటని ఆమెకు భవనం ఎలా ఉంటుందో చూపడానికే తోటలో చిన్న నమూనా కట్టించాడని చెప్తారు. ఆ నమూనా ఇప్పటికీ ఉంది.

అదే గోడ బయట 1857 జూలై 17న మరో కథ నడిచింది. బ్రిటిష్ వారి మీద తిరగబడిన తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ ఇద్దరూ రోహిల్లా పఠాన్లను వెంటబెట్టుకుని రెసిడెన్సీ మీద దాడి చేశారు. ఎదురుగా ఉన్న అబ్బన్ సాహెబ్, జైగోపాల్‌దాస్ ఇళ్లలో మాటు వేసి రాత్రంతా పోరాడారు. ఆ తరువాత పట్టుబడిన తుర్రేబాజ్ ఖాన్ 1859 జనవరిలో చెర నుంచి తప్పించుకున్నాడు. తూప్రాన్ దగ్గర అతన్ని చంపేశారు. ఆ తూప్రాన్ ఇప్పటి మెదక్ జిల్లాలోదే. ప్రేమకథకు దొరికిన శ్రోతల్లో పదోవంతు కూడా ఈ కథకు దొరకలేదని నా బాధ.

ఇక మెదక్ పట్టణం. వెస్లియన్ మెథడిస్టు మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్ 1914లో ఇక్కడ చర్చి కట్టడం మొదలుపెట్టాడు. కరువులో కూలి దొరకని జనానికి ఆ కట్టడమే పని, తిండి అయింది. పదేళ్లు సాగి 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగింది. నూరు అడుగుల వెడల్పు, రెండు వందల అడుగుల పొడవు, 175 అడుగుల గోపురం. లోపల అద్దాల కిటికీల మీద ఫ్రాంక్ సాలిస్‌బరీ గీసిన క్రీస్తు పుట్టుక, శిలువ, ఆరోహణ దృశ్యాల్లోంచి పొద్దు వెలుగు రంగులుగా దిగుతుంది. వచ్చినవాళ్లందరూ తలెత్తి ఆ కిటికీలనే చూస్తారు. నేను మాత్రం రాతి స్తంభాల దగ్గర ఆగుతాను. అంత బరువును అంత ఎత్తుకు చేర్చిన భుజాలు ఈ చుట్టుపక్కల ఊళ్లవే. గైడు నోట పోస్నెట్ పేరు పదిసార్లు వస్తుంది, రాయి కొట్టినవాడి ఊసు ఒక్క వాక్యంతో సరి.

ఈ చర్చి ఆవరణలో, వేషాలు కట్టి ఆ కాలాన్ని ఆడి చూపే రెండు రోజుల పండుగ పెట్టాలని నా కోరిక. అప్పుడు దొర వేషం ఒక్కటి చాలు. మిగతా వేషాలన్నీ రాయి కొట్టినవాళ్లవి, సున్నం కలిపినవాళ్లవి, గంప మోసిన ఆడవాళ్లవి, సాయంత్రం గంజి కోసం వరుసలో నిలబడ్డ పిల్లలవి కావాలి. చెప్పేవాళ్లను ఎక్కడినుంచో తేనక్కర్లేదు. ఒగ్గు కథ ఉంది, చిరుతలు పట్టేవాళ్లు ఉన్నారు.

పని చేసినవాళ్లు ఇక లేరు. వాళ్ల నోట విన్న కొడుకులు, మనుమరాళ్లు ముసలివాళ్లయ్యారు. మెదక్ చుట్టుపక్కల టీచర్లకు, కాలేజీ పిల్లలకు నా విన్నపం ఒక్కటే: వేషాల సంగతి తరువాత చూద్దాం, ముందు ఈ ఏడే ఆ ఇళ్లకు వెళ్లి వాళ్లు చెప్పేది రాసుకోండి.