నెత్తుటిలో పొగ జాడ

1842–43 చలికాలంలో జర్మనీలోని వుర్జ్‌బర్గ్‌లో బాలింత జ్వరం ప్రబలింది. చనిపోయిన తల్లుల నెత్తురును యోహాన్ యోసెఫ్ షెరర్ అనే వైద్య రసాయనవేత్త పరీక్షించి, అందులో లాక్టిక్ ఆమ్లం ఉందని 1843లో ప్రకటించాడు. మనిషి నెత్తుటిలో ఆ ఆమ్లాన్ని మొదట చూపినవాడిగా వైద్య చరిత్ర ఆయన్ను గుర్తుంచుకుంది. జబ్బులకు సూక్ష్మజీవులు కారణమన్న సంగతి అప్పటికింకా స్థిరపడలేదు. క్రిమి ధాటికి శరీరం కూలిపోతున్నప్పుడు పుట్టిన పదార్థం షెరర్ కంటపడింది, క్రిమి పడలేదు. ఐసీయూల్లో నేటికీ ఆ ఆమ్లాన్ని లాక్టేట్ పేరుతో కొలుస్తున్నారు. ఆ తర్వాత సెప్సిస్‌ను, అంటే ఇన్‌ఫెక్షన్ ధాటికి శరీరం అదుపు తప్పి అవయవాలు దెబ్బతినే స్థితిని, పట్టుకోవడానికి వాడుకలోకొచ్చిన ప్రధాన రక్త సూచికలన్నీ ఈ కోవలోవే, శరీరం పడే పాట్లను చెప్పేవే. అందుకే, జబ్బు వచ్చిందని చాటేటప్పటి కంటే వచ్చిన జబ్బు ఎటు నడుస్తోందో చెప్పేటప్పుడు వాటి మాట ఎక్కువ నమ్మదగింది. ఈ సూచికల చరిత్ర పొడవునా కనిపించే పాఠం ఇదేనని నా అభిప్రాయం.

1930లో న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ ఇన్‌స్టిట్యూట్‌లో విలియం టిలెట్, థామస్ ఫ్రాన్సిస్ న్యుమోనియా రోగుల సీరమ్‌ను, న్యూమోకాకస్ నుంచి వేరుచేసిన ‘సి’ అనే భాగంతో కలిపి చూశారు. జబ్బు తీవ్రంగా ఉన్నవాళ్ల సీరమ్ అడుగున మడ్డి కట్టింది. గండం గడిచి జ్వరం దిగాక అదే రోగుల సీరమ్‌లో కట్టలేదు. యాంటీబాడీ అయితే కోలుకునేకొద్దీ పెరగాలి, ఇది మాయమైంది. ఆ పదార్థమే నేడు ల్యాబ్ రిపోర్టుల్లో కనిపించే సీఆర్‌పీ (సి-రియాక్టివ్ ప్రోటీన్). కాలేయం తయారుచేసే ఈ ప్రోటీన్ కీళ్లవాతంలోనూ ఆపరేషన్ తర్వాతా పెరుగుతుంది, గరిష్ఠానికి చేరడానికి ఒకటిన్నర రోజుకు పైనే పడుతుంది. ముందుగా హెచ్చరించాల్సిన కబురుకు ఈ నడక చాలదు. కోలుకోవడంతోపాటు అది తగ్గిపోవడమనే విలువైన గుణం మాత్రం తొలి ప్రయోగంలోనే బయటపడింది.

వేగంగా కబురందించే సూచిక దొరికిందన్న ఆశ 1993లో పారిస్ నుంచి వచ్చింది. అసికో బృందం 79 మంది పిల్లల నెత్తుటిలో ప్రోకాల్సిటోనిన్‌ను కొలిచి, ఫలితాలను లాన్సెట్ వైద్య పత్రికలో ప్రచురించింది. థైరాయిడ్ గ్రంథి తయారుచేసే కాల్సిటోనిన్‌కు ఇది పూర్వరూపం. ఆరోగ్యవంతుల్లో ఉండీ లేనట్టుండే ఈ పదార్థం, తీవ్రమైన బ్యాక్టీరియా ఇన్‌ఫెక్షన్ ఉన్న పిల్లల్లో మిల్లీలీటరుకు 6 నుంచి 53 నానోగ్రాముల దాకా పెరిగింది. వైరల్ జబ్బుల్లో అంతగా పెరగలేదు. బ్యాక్టీరియా విషం సోకిన నాలుగు గంటల్లోనే ఇది నెత్తుటిలో కనిపిస్తుందని మరుసటి ఏడాది తేలింది. బ్లడ్ కల్చర్ ఫలితానికి ఒకటి రెండు రోజులు ఆగాల్సిన డాక్టర్లకు ఇది వరమనిపించడం సహజం. అయితే పొగను చూసి నిప్పును ఊహించడం గురించి మన తర్కశాస్త్రం రెండు జాగ్రత్తలు చెప్పింది: మంచును పొగ అనుకోవచ్చు, ఎర్రగా కాలిన ఇనుపగుండులో పొగ లేకుండానే నిప్పుంటుంది. పెద్ద ఆపరేషన్లు, కాలిన గాయాలు, పుట్టిన తొలి రెండు రోజులు ప్రోకాల్సిటోనిన్‌ను పెంచే మంచు లాంటివి. ఇనుపగుండు సంగతీ తేలింది. 2013లో 30 అధ్యయనాలను కలిపి లెక్కిస్తే, సెప్సిస్ ఉన్న నూరుమందిలో ఈ పరీక్ష సుమారు 77 మందినే పట్టింది.

ప్రతి గంటా ప్రాణం మీదికి తెచ్చే జబ్బులో అసంపూర్ణమైన సంకేతమైనా మేలే కదా అని అడగవచ్చు. బలమైన ప్రశ్నే. సెప్సిస్ ముదిరి బీపీ పడిపోయే సెప్టిక్ షాక్‌లో సరైన యాంటీబయాటిక్ ఒక్కో గంట ఆలస్యమయ్యేకొద్దీ బతికే అవకాశం సగటున 7.6 శాతం తగ్గిందని 2006లో కుమార్ బృందం చూపింది. గంట విలువ అంతైతే, ఊపిరి ఎగపోస్తూ, బీపీ పడిపోతూ, తెలివి తప్పుతున్న మనిషికి మందు మొదలుపెట్టడానికి రిపోర్టు కోసం ఆగడం, అంకె తక్కువొచ్చిందని నిబ్బరపడడం మరింత ప్రమాదం. అంకె పెరగగానే మందులు పెంచితే ఏమవుతుందో డెన్మార్క్‌లో 1,200 మంది ఐసీయూ రోగులపై పరీక్షించి 2011లో ప్రకటించారు: మరణాలు తగ్గలేదు, ఐసీయూలో గడిపిన రోజులు పెరిగాయి. మందు మొదలుపెట్టే నిర్ణయానికి ప్రోకాల్సిటోనిన్‌ను ఆధారం చేసుకోవద్దని 2021 అంతర్జాతీయ సెప్సిస్ మార్గదర్శకాలు సూచించడంలో ఆశ్చర్యం లేదు.

అలాగని ఈ పరీక్షలను పక్కన పెట్టేయాలా? టిలెట్, ఫ్రాన్సిస్ చూసినదాన్ని గుర్తుచేసుకుంటే అక్కర్లేదు. 2010లో ఫ్రాన్స్‌లోని ఐసీయూల్లో ప్రోకాల్సిటోనిన్ తగ్గుదలను బట్టి మందు ఆపినప్పుడు యాంటీబయాటిక్ వాడిన రోజులు తగ్గాయి. 2024లో వెలువడిన బ్రిటన్ ప్రయోగంలో 2,760 మందిని పరిశీలిస్తే, రోజూ కొలిచిన ప్రోకాల్సిటోనిన్ దాదాపు ఒక రోజు మందు తగ్గించింది, మరణాల విషయంలో మామూలు వైద్యానికి తీసిపోలేదని తేలింది. సీఆర్‌పీ ఆ పని చేయలేకపోయింది. మందులకు లొంగని బ్యాక్టీరియా పెరుగుతున్న కాలంలో, లక్షల మందికి ఒక్కో రోజు మిగలడం చిన్న లాభం కాదు. ఇంకా మంచి సూచిక రేపు వస్తుందన్న ఆశా ఉంది. 2020 నాటి ఒక సమీక్ష ఇలాంటివి 258 లెక్కపెట్టింది. వాటిలో ఏదీ ఒంటరిగా సెప్సిస్‌ను తేల్చలేదు. వెతుకులాట సాగాల్సిందే. ఈలోగా, జబ్బును ముందుగా పసిగట్టాల్సింది మంచం పక్కన నిలబడి రోగి ఊపిరిని, నాడిని, మాటను గమనించే మనిషి. మందు ఎప్పుడు చాలో చెప్పేటప్పుడు నెత్తుటి మాట వినాలి.